రెండు ముఖాల బోర్డు, నాయన బొటనవేలు

నా కొడుకు చరణ్ తోసిన ఎర్ర బొమ్మ కారు గచ్చు మీద జర్రున జారుతూ మా తమ్ముడు మల్లి కాలి వైపు వెళ్లింది. అది ఇంకా జానెడు దూరంలో ఉండగానే మల్లి కాఫీ గ్లాసు కింద పెట్టేసి, రెండు అరచేతులూ ఎడమకాలి బొటనవేలికి అడ్డంగా పెట్టి "రేయ్!" అని అరిచాడు. కారు వాడికి తగలనే లేదు. సోఫా కోడుకు కొట్టుకుని తిరగబడి, చక్రాలు తిప్పుకుంటూ ఆగిపోయింది. చరణ్ మొహం చిన్నబోయింది. మూడేళ్ల కూతురు చిట్టి నా కొంగు పట్టుకుంది. నాకు మాత్రం గుండె జారింది ఆ అరుపుకు కాదు, ఆ చేతులకు. గాలికి దీపం ఆరిపోకుండా పట్టుకున్నట్టు వేలి చుట్టూ ఖాళీ వదిలి పట్టుకున్న ఆ రెండు చేతులను నేను చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను. అవి మా నాయన చేతులు.

మల్లి నాకంటే మూడేళ్లు చిన్న. పెద్దదోర్నాలలో నాయన నడిపిన హోటల్‌ని ఇప్పుడు వాడే చూసుకుంటున్నాడు. సరుకుల కోసం మార్కాపురం వచ్చినప్పుడు మా ఇంట్లో ఒక రాత్రి ఉండి, తెల్లారి బండెక్కి పోతాడు. ఈసారి వాడు గడప దాటేటప్పుడే ఒక బూటు చేత్తో పట్టుకుని వచ్చాడు. నేను గమనించి కూడా పట్టించుకోలేదు.

"ఏందిరా కాలికి?"

"కొత్త బూట్లక్కా. కరిచినాయి."

"బూటు కరిస్తే మడమ కాడ కరుస్తాది. వేలు మొదట్లో ఎట్ల కరుస్తాది?"

"నాది స్పెషల్ బూటులే."

దగ్గరికి వెళ్లి చూశాను. బొటనవేలు పాదంలో కలిసే చోట వాచి, ఎర్రగా, నూనె రాసినట్టు మెరుస్తూ ఉంది. చెయ్యి దగ్గరికి తీసుకెళ్తేనే వేడి తెలుస్తోంది. ఎప్పటినుంచి అని గట్టిగా అడిగితే, నిన్న తెల్లవారుజామున నిద్రలోనే నిప్పంటుకున్నట్టు మొదలైందని, నిద్రలో రాయి తగిలి ఉంటుందని అన్నాడు.

"మంచం మీద పండుకుని పలకల క్వారీకి పోయినావా, రాయి తగిలేదానికి?"

వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ కాలితో బండి గేర్లు ఎలా మార్చావురా అంటే మడమతో అన్నాడు. పొద్దున్నే దోర్నాల వెళ్లి, అక్కడ బెణుకులు సరిచేసే పెద్దాయన దగ్గర వేలు లాగించుకుంటాడట. ఆ మాట వినగానే నా పాదంలో కూడా సలుపు మొదలైంది.

ఇప్పుడు ఇంట్లో అందరూ పడుకున్నారు. మా ఆయన నా భయాలకు అలవాటుపడిన మనిషి. "అందరి రోగాలకూ నువ్వే బాధ్యురాలివా, పడుకో" అని గోడ వైపు తిరిగారు. నేను మల్లి నుదురు రెండుసార్లు ముట్టి చూశాను, జ్వరం లేదు. అయినా ఒక కీలు ఒక్కటే అలా ఎర్రబడి వాచిందంటే అది మేమనుకున్నదేనో, లోపల చీము పట్టిందో డాక్టరు చూసి చెప్పాల్సిందే తప్ప అక్కలు చెప్పేది కాదు. ఆ విషయం మా ఇంట్లో వాళ్లం చాలా ఆలస్యంగా, చాలా గోల చేసి నేర్చుకున్నాం. ఆ గోలే ఈ రాత్రి రాసుకుంటున్నాను. నిద్ర ఎలాగూ రాదు.

మార్కాపురం నుంచి వచ్చే రోడ్డు శ్రీశైలం రోడ్డుతో కలిసే చోట మా హోటల్ ఉండేది. ముందు రేకుల పంచ, నాలుగు బల్లలు, వెనక ఇల్లు. హోటలుకూ ఇంటికీ మధ్య గోడ ఒకటే, వాసన కూడా ఒకటే. పొద్దున్నే ఎండుకొబ్బరి, ధనియాలు వేగే వాసనకు మేం లేచేవాళ్లం. రాత్రి అడవి గేటు వేసేశాక ఘాట్ రోడ్డు ఎక్కలేక ఆగిపోయిన లారీల వరుస మా పంచ ముందు మొదలై ఎక్కడో చీకట్లో తేలేది. డ్రైవర్లు వేడివేడి జొన్నరొట్టె, బోటి కూర తిని, లారీల కిందే దుప్పట్లు పరుచుకుని పడుకునేవాళ్లు. నాయన తెల్లవారుజామునుంచీ పొయ్యి ముందే. లుంగీ ఎగ్గట్టి, తువ్వాలు తలకు చుట్టి, చెమటతో మెరిసిపోతూ నిలబడేవాడు. నీళ్లు తాగడం ఆయనకు తెలియదు. నీళ్లు తాగితే మాటిమాటికీ వెనక్కి పోవాల్సి వస్తుంది, పోయి వచ్చేలోపు అడుగంటుతుంది అనేవాడు. దాహమేస్తే టీ. ఇక ఉప్పు చూడటం ఆయన ఒక్కడి హక్కు. పప్పుకూ చారుకూ ఎడమ అరచేతిలో ఒక చుక్క వేసుకుని నాలుకకు తగిలించేవాడు. బోటికీ కార్జానికీ మాత్రం చుక్క చాలేది కాదు, చిన్న గిన్నె కావాలి. "మీ నాయన ఉప్పు చూసేసరికి సట్టి సగమయితాది" అని అమ్మ నాతో అనేది, ఆయనకు వినపడేటట్టే.

మా హోటల్ గొప్పతనం దాని బోర్డులో ఉండేది. రేకు బోర్డుకు రెండు ముఖాలు. ఒకవైపు ఎర్ర అక్షరాలతో మిలిటరీ హోటల్ అని, పక్కన ఒక పొట్టేలు తలకాయ. రెండోవైపు పసుపు రంగు మీద శుద్ధ శాకాహార భోజనం అని, పైన మూడు విభూతి రేఖలు. శివమాల వేసుకున్నవాళ్లు గుంపులు గుంపులుగా అడవి దారిన శ్రీశైలం మల్లయ్య దగ్గరికి నడిచిపోయే రోజులు రాగానే నాయన ఇద్దరు మనుషుల్ని బల్లలెక్కించి బోర్డు మార్పించేవాడు. ఆ రోజు ఇల్లంతా అవ్వ రాజ్యం. అవ్వంటే నాయన తల్లి. మాంసం సట్లన్నీ బూడిదతో తోమించి, గోతాల్లో కట్టించి అటక ఎక్కించేది. మాంసం కొట్టే చింతమొద్దును పెరట్లోకి దొర్లించి గోనెపట్టా కప్పేది. గచ్చంతా పసుపునీళ్లు చల్లేది. మరునాటినుంచి మా నిద్రలోకి వచ్చే వాసన మారిపోయేది. పులిహోర తాలింపు, ఇంగువ, సాంబారు. ఆ రోజుల్లో వంట అమ్మది. నాయన వడ్డన చేస్తూ, మొదటి వారం అందరి మీదా విసుక్కుంటూ, తర్వాత నెమ్మదించి, మెడలో రుద్రాక్షతో సాధువులా తిరిగేవాడు.

శివరాత్రి అయిపోయి జనం పలచబడ్డాక బోర్డు మళ్లీ ఎర్రవైపుకు మారేది. మాకది పండగ. పొద్దున వేయించిన కార్జం, మధ్యాహ్నం బోటి, రాత్రి తలకాయ కూర, ఎముకల చారు. నాయన అన్నింటికీ ఉప్పు చూసేవాడు. ఎండలు ముదురుతున్న రోజులు, పొయ్యి వేడి, టీ తప్ప గొంతులోకి ఏమీ దిగదు.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు, బోర్డు మార్చిన మరునాడు తెల్లవారుజామున నాయన పెట్టిన కేకకు లారీల కింద పడుకున్న డ్రైవర్లు కూడా లేచొచ్చారు. తేలు కుట్టిందనుకుని అమ్మ టార్చిలైటు వేసి పరుపంతా దులిపింది. తేలు లేదు, గాటూ లేదు. చూస్తుండగానే బొటనవేలి మొదలు ఉబ్బి ఎర్రబడింది. "దుప్పటి తియ్యండే! దుప్పటి బరువుగా ఉండాది!" అని అరిచాడు. పల్చటి నూలు దుప్పటది. ఫ్యాను గాలి వేలికి కొడుతోందని ఫ్యాను ఆపించాడు. మంచం పక్కనుంచి కోడిపెట్ట పోతే, దాని నడకకు నేల అదురుతోందన్నాడు. పది మందికి వండి వడ్డించి, మరిగే సట్టిని చేతిగుడ్డ లేకుండా దించే మనిషి, రెండు అరచేతులు వేలికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా కూర్చున్నాడు.

మా బల్లల మీద తిన్నవాళ్లంతా తలా ఒక కారణం చెప్పారు. ముల్లు విరిగి లోపలుందని ఒకరు, దాటకూడనిది దాటాడని ఒకరు, చక్కెర రోగమని ఒకరు. బెణుకని తేల్చి ఒకాయన వచ్చి, ఆముదం రాసి, వేలు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. అప్పుడు నాయన నోటినుంచి వచ్చిన మాటలకు అమ్మ మా చెవులు మూసింది. ఆమెకున్నవి రెండే చేతులు కాబట్టి నాకొక చెవి, తమ్ముడికొక చెవి. మిగిలిన చెవులతో మేం చాలా నేర్చుకున్నాం.

అవ్వ వైద్యం వేరు. మనిషి కాలి నొప్పికి పొట్టేలు కాళ్ల పులుసు. కాళ్లు నిప్పుల మీద కాల్చి, గీకి, మిరియాలు, వెల్లుల్లి దంచి వేసి, రాత్రంతా సన్నసెగ మీద మరగబెట్టి, పొద్దున్నే గిన్నెడు తాగించేది. "నాలుగు కాళ్ల సత్తువ రెండు కాళ్లకు పోతాది, తాగు నాయనా" అనేది. నాయన బాధలో కూడా దానికి ఉప్పు చూసి, కాస్త తక్కువైందని చెప్పేవాడు. వారం పదిరోజులు తాగగా తాగగా వాపు దిగేది. వేలి మీద చర్మం పొట్టులా లేచిపోయేది. నాయన పంచలో రెండడుగులు చిందేసి చూపించేవాడు, అవ్వ అందరి వైపూ గర్వంగా చూసేది. ఆ నొప్పి మందు వేసినా వెయ్యకపోయినా కొన్నాళ్లకు దానంతటదే తగ్గేదని, పులుసు దాన్ని పెంచిందే తప్ప తగ్గించలేదని అప్పుడు మాకు ఎవరు చెప్తారు? తగ్గాక నాయన కాలు మామూలు కాలే. నొప్పన్నదే రానట్టు మరిచిపోయేవాళ్లం.

మరుసటి ఏడు కూడా బోర్డు మార్చిన రెండు రోజులకే వచ్చింది. ఆ తర్వాతి ఏడూ అంతే. మధ్యలో కూడా అప్పుడప్పుడూ వచ్చేది కానీ, మాల రోజుల్లో మాత్రం ఒక్కసారీ రాలేదు. దాన్ని మొదట కనిపెట్టింది అవ్వ. తర్వాతి మాల రోజుల్లో ఒకనాడు పంచలో కాళ్లు చాపుకుని కూర్చుని, బోర్డు లోపలివైపుకు తిరిగి ఉన్న పొట్టేలు తలకాయ బొమ్మను చూస్తూ తీర్పు చెప్పేసింది.

"పసుపు బోర్డు ఉన్నన్నాళ్లు నీ కాలు బంగారం. ఎర్ర బోర్డు తగిలిస్తానే నిప్పు. మల్లయ్య చెప్తా ఉండాడు, నీకే ఇనపడటంలే. ఇంక బోర్డు మార్చేది లేదు."

"ఎండాకాలం లారీవోళ్లు సాంబారు తింటారా అమ్మా? ఎదురుగా కొత్త హోటలు పెట్టినారు. వాళ్లు బోటి వండుతా ఉంటే నేను ఈడ సాంబారు పొయ్యాల్నా?"

"కాలు కావాల్నా, బోటి కావాల్నా?"

నాయన అటక మీది సట్ల వైపు చూశాడు. ఆయనకు చదువు లేదు, పొలం లేదు. ఒంగోలు నుంచి వచ్చినవాళ్లు కూడా ఆయన బోటి రుచిని గుర్తుపెట్టుకుని అడిగేవాళ్లు. ఆ సట్టి అటకమీదే ఉండిపోతే తను ఎవరో తనకే తెలియదు. అయినా ఆ నొప్పి తలచుకుని, ఏడాది పాటు బోర్డు మార్చనని అవ్వ చేతిలో చెయ్యి వేశాడు.

ఆ వేసవి మా హోటల్ ముందు లారీలు ఆగేవి, డ్రైవరు తల బయటికి పెట్టి బోర్డు చూసేవాడు, లారీ కదిలిపోయేది. నాయన రోడ్డు మీదికి వెళ్లి "అన్నా, పప్పు బాగుంటాదన్నా! చూసి పోన్నా!" అని పిలిచేవాడు. "నీ చేతి పప్పు మాకెందుకు మామా, బోటి పెట్టినప్పుడు చెప్పు" అని నవ్వుతూ ఎదురు హోటల్లోకి పోయేవాళ్లు. మధ్యాహ్నాలు ఆయన పెరట్లో గోనెపట్టా కప్పిన చింతమొద్దు మీద కూర్చుని ఉండేవాడు. ఇంట్లో మాటలు తగ్గాయి. కానీ కాలు బాగుంది. అవ్వ ప్రతి సోమవారం ఆ పాదానికే హారతి ఇచ్చేటట్టుండేది.

వానలు పడ్డాక ఒక తెల్లవారుజామున మళ్లీ అదే కేక. అవ్వ లేచి నాయన దగ్గరికి వెళ్లలేదు, నేరుగా వీధిలోకి వెళ్లి, రాత్రి గాలికి బోర్డు తిరిగిపోయిందేమోనని చూసింది. బోర్డు పసుపుగానే ఉంది. అప్పుడు ఆమె మొదటిసారి భయపడింది. ఇంతకంటే పెద్ద దోషమేదో ఉందని, అసలు మాంసం వండిన పొయ్యే పనికిరాదని, హోటల్ మూసేసి పొదిలిలో మిరపకాయల కొట్టున్న మా పెదనాయన దగ్గర లెక్కలు చూడటానికి పొమ్మని నాయనకు చెప్పింది. నాయన నొప్పిలో సరే అన్నాడు. అమ్మ ఎప్పుడూ అవ్వకు ఎదురు మాట్లాడేది కాదు. ఆ రోజు మాత్రం పొయ్యి ముందునుంచి లేవకుండానే, "మూసే ముందు ఒక్కసారి మార్కాపురంలో పెద్ద డాక్టరుకు చూపిద్దాం అత్తా. ఆయన కూడా ఇది దేవుడి పనే అంటే మూసేద్దాం" అంది. "నేనూ వస్తా" అంది అవ్వ.

అలా అందరం బస్సెక్కాం. నాయన పాదం గోనెసంచుల మీద, సంచులు నా ఒళ్లో. దారి పొడుగునా ప్రతి గతుకుకూ ఆయన నన్ను తిట్టాడు, గతుకు నేను తవ్వినట్టు. డాక్టరు గది ముందు వరండాలో ఎవరికో సూది వేస్తుంటే చూసి, నాయన మెల్లగా లేచి, "బస్సుకు టైమయితా ఉండాది, రేపొద్దాం" అని ఒంటికాలి మీద గెంతుతూ చెప్పు కోసం వెతికాడు. ఒక చెప్పు కనపడలేదు. అవ్వ గోడకు ఆనుకుని బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. చెప్పు ఆమె కింద ఉంది.

"లేమ్మా."

"లెయ్యను. ఒంటి చెప్పుతో పోతావా, పో."

"నలుగురిలో పరువు తియ్యొద్దు."

"పరువు వేల్లో ఉందా చెప్పులో ఉందా? కూకో."

ఆమె లేవలేదు. పేరు పిలిచేదాకా అలాగే కూర్చుంది, పిలిచాక చెప్పు చేత్తో పట్టుకుని మా వెనకే లోపలికి వచ్చింది.

డాక్టరు వేలిని ముట్టుకోకుండానే చూశాడు. అందుకే ఆయన మీద నాయనకు గురి కుదిరింది. జ్వరం ఉందేమో చూశాడు. నిన్నమొన్న ఏం తిన్నావని అడిగాడు.

"పప్పు, చారు, మజ్జిగ సార్."

అవ్వ అవునని తలూపింది.

"మాంసం?"

"మాది శాకాహార హోటల్ సార్. కావాలంటే వచ్చి బోర్డు చూడండి."

అప్పుడు అమ్మ, చీర కొంగు సర్దుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా అంది: "ఎదురు హోటలు బోర్డు కూడా చూడండి సార్."

అవ్వ నాయన వైపు తిరిగింది. నాయన తన వేలి వైపు చూసుకుంటూ, "వాళ్లకు బోటి వండటం రాదు సార్. ఉప్పు చూసి చెప్దామని పోయినా" అన్నాడు.

"ఎన్నిసార్లు చూశావు ఉప్పు?"

"ఈ నెల్లో... రోజూ చూసినా సార్."

డాక్టరు కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, నవ్వాపుకోలేక మళ్లీ తుడుచుకున్నాడు. అవ్వ చేతిలో చెప్పు ఉన్నందుకు నాకు భయం వేసింది.

తర్వాత ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది. బీఎస్సీలో కెమిస్ట్రీ చదివినప్పుడు కూడా అంత బాగా ఎవరూ చెప్పలేదు. "చెంబెడు నీళ్లలో ఉప్పు వేస్తూ పోతే ఏమవుతుంది?" అని నాయనను అడిగాడు. "కొంతదాకా కరుగుతాది సార్. ఆపైన అడుక్కు దిగుతాది." "నీళ్లు తక్కువుంటే?" "ఇంకా తొందరగా దిగుతాది." "చల్లారితే?" నాయన ఆలోచించి, "పాకం చల్లారితే చక్కెర గడ్డ కట్టినట్టు సార్" అన్నాడు. అదే జరుగుతోందన్నాడు డాక్టరు. మనందరి ఒంట్లో యూరిక్ యాసిడ్ అనేది తయారవుతూ ఉంటుంది, మూత్రంలో బయటికి పోతూ ఉంటుంది. కొందరి ఒంట్లో అది పోవలసినంత పోదు, లేదా ఎక్కువ తయారవుతుంది. బోటి, కార్జం, కాళ్ల పులుసు, సారా, బీరు దాన్ని పెంచుతాయి. నీళ్లు తాగకపోతే నిలిచిపోతుంది. చివరికి అది నెత్తుట్లో కరగలేక, ఒంట్లో అన్నిటికంటే దూరంగా చల్లగా ఉండే కీలు చూసుకుని సన్నటి సూదుల్లా గడ్డ కడుతుంది. మొదట ఎక్కువగా బొటనవేలే. ఆ సూదుల మీదికి ఒళ్లు యుద్ధానికి పోతే వచ్చే మంటే ఈ వాపు. దీన్ని గౌట్ అంటారు. పట్టించుకోకపోతే మిగతా కీళ్లకూ పాకుతుంది, మూత్రపిండాల్లో రాళ్లూ కట్టొచ్చు. "ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా?" అని అడిగాడు.

అవ్వ మాట మారింది. "మా ఇంటాయనకు ఉండె సార్. జాతర అయిన మర్నాడు మంచం దిగేవాడు కాదు. తిరునాళ్లలో తిరిగి అలిసిపోయినాడని అనుకుంటిమి."

"అలిసిపోలేదమ్మా, తిన్నాడు."

రక్తపరీక్ష రాశాడు. నొప్పి ఉన్నప్పుడు అంకె సరిగ్గా తేలకపోవచ్చు, తగ్గాక మళ్లీ చేయించమన్నాడు. ఇప్పటి మంటకు ఒక మందు, యాసిడ్‌ను అదుపులో పెట్టడానికి తర్వాత మొదలుపెట్టే మందు వేరొకటి అని, నొప్పి లేదు కదా అని రెండోది మానెయ్యొద్దని పదేపదే చెప్పాడు. లేవబోతుంటే అవ్వ అడిగింది.

"అయితే దేవుడు కాదా సార్?"

"కాదమ్మా. బోటి."

అవ్వ గుమ్మం దాకా వచ్చి ఆగింది. "ఏటా మాల రోజుల్లో బోటి మానిపిచ్చి, ఇట్ల ఉంటే నొప్పి రాదని కళ్లకు కట్టినట్టు చూపిచ్చినాడు గదా సార్ మల్లయ్య. ఇంకెట్ల చెప్తాడు పాపం? మా బుర్రకే ఎక్కలే." అని చెప్పు నాయన కాలి దగ్గర పెట్టింది. డాక్టరు చేతులు జోడించాడు.

పొదిలి ప్రయాణం ఆగిపోయింది. వారం తిరిగేసరికి బోర్డు ఎర్రవైపుకు మారింది. డాక్టరు హోటల్ మూయమనలేదు కదా, సట్టిలో చెయ్యి పెట్టొద్దన్నాడంతే. పొయ్యి పక్కన ఒక కుండ, ఒక చెంబు వచ్చాయి. అవ్వ మాటిమాటికీ చెంబు నింపి "తాగు" అని నాయన ముందు నిలబడేది. బోటికి ఉప్పు చూసే పని అమ్మకు వచ్చింది. రుచి ఇదివరకటికంటే బాగుందని లారీవాళ్లు అన్నారు. ఆ మాటకు నాయన వేలి నొప్పి కంటే ఎక్కువ బాధపడ్డాడు. కొన్నాళ్లకు బాగున్నాను కదా అని మాత్రలు మానేశాడు. అందుకే నా పెళ్లి ఫొటోలో కన్యాదానం చేస్తున్న మా నాయన ఒక పాదం పీట మీద, ఒక పాదం దిండు మీద ఉంటాయి. దిండు కనపడకుండా తువ్వాలు కప్పారు కానీ, కెమెరా అతను సరిగ్గా దాన్నే పట్టాడు. ఆ తర్వాత నాయన ఒక్కరోజూ మాత్ర తప్పలేదు. ఇప్పుడు గల్లా దగ్గర కూర్చుని, కాలు మీద కాలేసుకుని, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ నీళ్లు తాగమని చెబుతుంటాడు. అవ్వ పోయి నాలుగేళ్లయింది. చెంబు ఇంకా అక్కడే ఉంది.

సాయంత్రం నాయనకు ఫోన్ చేస్తే, "పొద్దుటాల కుంటుతా ఉంటే ఏందిరా అంటి. రీల్సు కోసం డాన్సు నేర్చుకుంటా ఉండా అన్నాడు దొంగనాకొడుకు" అన్నాడు. తన కొడుకునే తిడుతున్నానన్న సంగతి గుర్తొచ్చి ఆయనే నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "నాది వానికి వచ్చిందా పాపా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకే నాకు నిద్ర ఎగిరిపోయింది.

ఆలోచిస్తే మల్లి బోటి పెద్దగా తినడు. వాడి కాలం వేరు. ఇప్పుడు బోర్డు మార్చడానికి బల్లలెక్కే పని లేదు, రెండు లైటు బోర్డులు, ఒక స్విచ్. ఈ ఏడు మాల వేసుకుని ఒంటిపూట తిండితో, సరిగ్గా నీళ్లు లేకుండా అడవి దారిన నడిచాడు. వచ్చి స్విచ్ నొక్కాడు. పొయ్యి ముందు దాహమేస్తే నాయన టీ తాగేవాడు, వీడు కూల్‌డ్రింకు సీసాలు ఎత్తుతాడు. గేటు వేశాక స్నేహితులతో బీరు, అర్ధరాత్రి బిర్యానీ. నాయన రోజంతా నిలబడేవాడు, వీడు కుర్చీలో కూర్చుని ఫోన్లో ఆర్డర్లు చూస్తాడు. అప్పుడు మా పంచలో కూర్చున్నవాళ్లు కారణాలు చెప్పేవాళ్లు, ఇప్పుడు వాట్సాప్‌లో వస్తున్నాయి. పప్పు మానెయ్, టమాటా మానెయ్, ఫలానా పొడి తాగు అని వాడు నాకు పది చూపించాడు. మాకు కాళ్ల పులుసు పోసినవాళ్లు కనీసం ఎదురుగా ఉండి పోశారు, వీళ్లెవరో కూడా తెలియదు.

నాకు నా పిల్లల భయం కూడా ఉంది. చరణ్‌కు కూల్‌డ్రింకు అంటే ప్రాణం. మా తాత, మా నాయన, మా తమ్ముడు... ఆ తర్వాత వేలు ఎవరిదని రాత్రంతా లెక్క వేశాను. నిద్రలో వాడి దుప్పటి సరిచేసి, బొటనవేళ్లు రెండూ ముట్టి చూశాను. చల్లగా, మెత్తగా, మట్టి మట్టిగా ఉన్నాయి. మంచం కింద ఎర్ర కారు గోడ వైపు మొహం తిప్పి దాచి ఉంది. అప్పుడర్థమైంది, వాడు ఇంకేదో మోస్తూ పడుకున్నాడని. మా తాత రోగం ఎవరికీ అర్థం కాలేదు. నాయనది అర్థం కావడానికి ఏళ్లు పట్టింది. మల్లిది మాకు ఒక్క చూపుకు తెలిసింది. ఇంత తెలిశాక వాణ్ణి పొద్దున్నే వేలు లాగించుకోవడానికి వదిలేస్తే, మా అవ్వ ముందు నేనే మొహంతో నిలబడాలి?

తెల్లారింది. మల్లి బాత్రూంలో ఉన్నాడు, కుంటి అడుగు చప్పుడు వినిపిస్తోంది. డాక్టరు పదింటికి వస్తాడని ఫోన్ చేసి కనుక్కున్నాను. బండి తాళం టీవీ పక్కన ఉంటే తీసుకున్నాను. చరణ్ కారు గుండెలకు పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు, వెనక చిట్టి. "అమ్మా, మామ కాలు నా కారు వల్లేనా?" అన్నాడు.

ఇద్దరినీ గచ్చు మీద కూర్చోబెట్టి చెప్పాను.

"కాదు నాన్నా. నీ కారు మామకు తగల్లేదు, నేను చూశాను. మామ వేల్లో కనపడని ఉప్పు సూదులున్నాయి. తాతకు కూడా ఉండేవి. ఇప్పుడు తాత ఎలా నడుస్తున్నాడో చూశావుగా? డాక్టరు దగ్గరికి పోతే మామ కూడా అలాగే నడుస్తాడు. కానీ మీ మామ పారిపోవాలని చూస్తున్నాడు. ఇదిగో బండి తాళం. దీన్ని కింద పెట్టుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చో. చిట్టీ, నువ్వు అన్న పక్కన కూర్చో. మామ తిట్టినా, బతిమాలినా, కూల్‌డ్రింకు కొనిస్తానన్నా సరే, డాక్టరు దగ్గరికి బయల్దేరేదాకా లేవొద్దు. మా అవ్వ లేవలేదు."